వేళ్లు కాదు, మణికట్టు

ప్రశ్న:

నమస్తే అండి. నా వయసు 33. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అయిదేళ్ల బాబు ఉన్నాడు. మా అమ్మావాళ్లది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది.

మూడేళ్లుగా కథలు రాస్తున్నాను. దెయ్యాల కథలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి, అందుకే అవే రాస్తాను. పోటీలకు ఏడు పంపాను, ఒక్కదానికీ బహుమతి రాలేదు. ఫ్రెండ్స్‌కి చదివి వినిపిస్తే "బాగుంది గానీ భయం వేయలేదే" అంటారు. మా ఆయనైతే చివర్లో నవ్వేశారు. ఒక కథ దీంతో పాటు పంపుతున్నాను.

"నీకు నిజంగా దేనికి భయమో అది రాయి" అంది ఒక స్నేహితురాలు. నాకు నిజంగా భయం గాలివానంటే. 1977 ఉప్పెన నాటికి అమ్మకి తొమ్మిదేళ్లు. తుమ్మచెట్టు పట్టుకుని బతికిందట. అమ్మమ్మ, తాతయ్య మిగిలారు. నాలుగేళ్ల చిన్న మామయ్య పోయాడు. ఫోటో కూడా లేదు. ఆ రాత్రి సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పదు, మేమూ అడగం. నేను పుట్టింది ఎన్నో ఏళ్ల తర్వాత. అయినా గాలి గట్టిగా వీస్తే నాకు నిద్ర పట్టదు, నాలుగో అంతస్తులో ఉండి కూడా! లేచి బాబు పక్కన కూర్చుంటాను. (అమ్మకి ఇంకా విచిత్రమైన అలవాట్లున్నాయి లెండి. ఏ ఇంటికి వెళ్లినా ముందు డాబా తాళం చెవి ఎక్కడుంటుందని అడుగుతుంది. ఇక్కడ వాచ్‌మన్‌తో గొడవపడి మరీ డూప్లికేట్ చేయించుకుంది. రోడ్డు దాటేటప్పుడు బాబు వేళ్లు పట్టుకోనివ్వదు. "వేళ్లు జారిపోతాయి, మణికట్టు పట్టుకో" అని కసురుతుంది.)

ఇది రాద్దామంటే మూడు సందేహాలు. పోయినవాళ్ల మీద కథ అల్లి పేరు తెచ్చుకోవడం తప్పు కదా? రాస్తే ఉన్న భయం ఇంకా పెరగదా? మూడోది వింటే నవ్వుతారేమో. కథలో పిల్లాడు నీళ్లలో పోయాడని రాయడానికి నా చెయ్యి ఆడటం లేదు. "అలాంటి మాటలు అనకూడదు, పైన తథాస్తు దేవతలుంటారు" అని చెప్పి పెంచింది అమ్మ. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

మీరు పంపిన కథ ముందు చదివాను. పాడుబడ్డ బంగళా, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు, చివర్లో అద్దంలో తెల్లచీర. మీ ఆయన నవ్వారంటే తప్పు ఆయనది కాదు. తెల్లచీర దెయ్యాన్ని చూసీ చూసీ మన జనానికి అది పక్కింటావిడలాగే అయిపోయింది, వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేలా ఉన్నారు.

తర్వాత మీ ఉత్తరం చదివాను. "విచిత్రమైన అలవాట్లు లెండి" అని బ్రాకెట్లోకి తోసేశారే, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. వేళ్లు జారిపోతాయి, మణికట్టు పట్టుకో. ఆ సంగతి ఆవిడకి ఎలా తెలిసింది? ఆ రాత్రి గురించి అమ్మ ఎప్పుడూ చెప్పలేదంటున్నారు. నాకేమో ఆవిడ రోడ్డు దాటిన ప్రతిసారీ అదే చెబుతున్నారేమో అనిపించింది. ఇది నా ఊహే. అసలు అలా జరిగి ఉండకపోవచ్చు, ఊరికే జాగ్రత్త కొద్దీ అంటున్న మాట కావచ్చు. కానీ మీ కథ చదివే పాఠకుడూ ఇలాగే ఊహిస్తాడు. మీరు నోరు మూసుకుని ఉంటే చాలు, మిగతాది వాడే అల్లుకుని వాడే భయపడతాడు.

మీ దెయ్యాల కథలు తేలిపోవడానికి కారణం భాష కాదు. భాష బాగుంది. ఆ బంగళా మీది కాదు, ఆ గజ్జెలు మీవి కావు. ఎవరో ఎప్పుడో భయపడితే ఆ భయాన్ని మీరు అరువు తెచ్చుకున్నారు. డాబా తాళం చెవి మాత్రం మీ ఇంట్లోది.

మీలాగే దెయ్యాల కథ రాయబోయి రాయలేక అవస్థపడిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు మేరీ షెల్లీ. 1816 వేసవిలో స్విట్జర్లాండ్‌లో, జెనీవా సరస్సు ఒడ్డున ఉంది. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు, చంకలో అయిదు నెలల బాబు. ఆ ఏడు వేసవి వేసవిలా లేదు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ప్రభావంతో యూరప్ అంతా చలి, ఎడతెగని వాన. బయటికి వెళ్లలేక స్నేహితులంతా ఇంట్లో మంట దగ్గర కూర్చుని దెయ్యాల కథలు చదువుకున్నారు. వాళ్లలో ఒకడైన కవి బైరన్ "మనం తలా ఒక దెయ్యం కథ రాద్దాం" అన్నాడు. మీరు పంపే పోటీల్లాంటిదే, కాకపోతే బహుమతి లేదు.

మేరీకి ఏమీ తట్టలేదు. కథ దొరికిందా అని రోజూ పొద్దున్నే అడిగేవారని, లేదని చెప్పాల్సి రావడం సిగ్గుగా ఉండేదని చాలా ఏళ్లకి, 1831లో, తన నవల కొత్త ముద్రణకి రాసిన ముందుమాటలో చెప్పుకుంది. తర్వాత ఒక రాత్రి కళ్లు మూసుకుంటే ఒక దృశ్యం కనిపించింది. ఒక కుర్ర శాస్త్రజ్ఞుడు ముక్కలు ముక్కలుగా కూర్చిన శరీరం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. అది కదిలింది. వాడు హడలిపోయి పారిపోయాడు. నన్ను భయపెట్టింది ఇంకొకరినీ భయపెడుతుంది కదా అనుకుందట మేరీ. అదే ఫ్రాంకెన్‌స్టైన్. 1818 జనవరిలో రచయిత పేరు లేకుండా అచ్చయింది.

ఆ దృశ్యం ఎక్కడినుంచి ఊడిపడింది? ముందుమాటలో ఆమె సైన్సు సంగతులు చెప్పింది, విద్యుత్తుతో ప్రాణం పోయొచ్చని ఆ రోజుల్లో జరిగే చర్చలు చెప్పింది. అవన్నీ నిజమే. కానీ అంతకు ముందు ఏడాది ఆమె డైరీ తీస్తే ఇంకొకటి కనిపిస్తుంది. 1815 ఫిబ్రవరిలో ఆమెకి నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. మార్చి మొదటి వారంలోనే పోయింది. రెండు వారాల తర్వాత డైరీలో ఒక కల రాసుకుంది. పాప బతికే ఉందట. ఊరికే ఒళ్లు చల్లబడిందట, అంతే. మంట దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే లేచిందట. మెలకువ వచ్చాక చూసుకుంటే పాప లేదు.

అది మాత్రమే కాదు. మేరీని కన్న పదకొండో రోజున ఆమె తల్లి పోయింది. అంటే పుట్టుక అనేది ఆ అమ్మాయికి మొదటినుంచీ చావు పక్కనే ఉన్న విషయం. ప్రాణం పోయడం, చల్లబడ్డ ఒంటిని మళ్లీ కదిలించడం, పుట్టినదాన్ని చూసి కన్నవాడు పారిపోవడం. నవల నిండా ఇవే. ఇంత ఉన్నా నవల్లో పాప లేదు, పొత్తిళ్లు లేవు, ఏడుస్తున్న తల్లి లేదు. తన భయాన్ని ఆమె ఒక మగవాడికి ఇచ్చింది, ప్రయోగశాలలో పెట్టింది. చదివేవాళ్లకి ఆ డైరీ సంగతి తెలియక్కర్లేదు, తెలియకపోయినా వణుకుతారు.

ఇక్కడే మీ తథాస్తు దేవతలు వస్తారు. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను గానీ, దాచిపెట్టి సలహా ఇవ్వడం నాకు చేతకాదు. ఆ నవల్లో రాక్షసుడి చేతిలో మొదట చచ్చిపోయేది ఒక చిన్నపిల్లాడు, శాస్త్రజ్ఞుడి తమ్ముడు. పేరు విలియం. రాస్తున్నప్పుడు మేరీ ఒళ్లో ఉన్న బాబు పేరూ విలియమే. (మేరీ నాన్న పేరూ అదే, ఇంట్లో ఆ పేరు చాలామందికి ఉంది.) ఆ బాబు 1819లో రోమ్‌లో, మూడేళ్ల వయసులో, జ్వరంతో పోయాడు.

చూశారా, అమ్మ చెప్పింది నిజమే అంటారు మీరు. ఆగండి. మేరీకి ఇంకో కూతురు ఉంది, క్లారా. ఏడాది పిల్ల. విలియం కంటే ముందే, 1818లో, వెనిస్‌లో ఆ పిల్లా పోయింది. క్లారా పేరు ఆ నవల్లో లేదు. ఆ రోజుల్లో పిల్లలు అలాగే పోయేవారు, కథలో చచ్చినా చావకపోయినా. మేరీ చేసిందల్లా, ప్రతి తల్లీ రాత్రిళ్లు మనసులో అనుకుని పొద్దున్నే దులిపేసుకునే మాటని కాగితం మీద పెట్టడం. మీరూ గాలి వీచిన ప్రతి రాత్రీ ఆ మాట మనసులో అనుకుంటూనే ఉన్నారు. తథాస్తు దేవతలు నిజంగా ఉంటే వాళ్లకి మనసులో మాట వినపడదా, సిరా వాసన వస్తేనే నిద్ర లేస్తారా?

ఇంత చెప్పినా మీ చెయ్యి ఆడకపోవచ్చు. నమ్మకం వాదనతో పోయేది కాదు. అందుకే ఇంకో మాట: కథలో పిల్లాడు చావనక్కర్లేదు. ఎవరూ చావనక్కర్లేదు. దీనికి నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి.

నాకు చిన్నప్పుడు టెలిగ్రాం అంటే ప్రాణం పోయేది. మా ఊళ్లో టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. ఇంగ్లీషులో ఉండేది, చదివేవాళ్లు ఊరంతా కలిపి ముగ్గురో నలుగురో. ఒకసారి మా తాతయ్య, నాయనమ్మ కాశీ వెళ్లారు. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అనే మాట అప్పటికింకా పెద్దవాళ్ల నోళ్లలో ఆడుతూనే ఉంది. పది రోజులకి ఒక మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. నాన్న ఊళ్లో లేరు. అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, విప్పకుండానే వంటింట్లోకి వెళ్లి పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది. చావు కబురొచ్చిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు కదా. అన్నం సగం ఉడికి ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి మా అమ్మని పట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. నన్ను మేష్టారి కోసం బడికి తరిమారు. ఆయన సైకిలు మీద వచ్చి, కళ్లజోడు సర్దుకుని చదివారు. రేపు బయల్దేరుతున్నాం, క్షేమం. అంతే!

ఏడ్చిన ఆడవాళ్లంతా నవ్వారు, ఒకరినొకరు తిట్టుకున్నారు. అమ్మ మళ్లీ పొయ్యి రాజేసి ఆ అన్నాన్నే ఉడికించింది. సరిగ్గా ఉడకలేదు. పైన మెత్తగా, మధ్యలో పలుకుగా ఉంది. అందరం తిన్నాం. అమ్మ తినలేదు.

పెద్దయ్యాక దీన్ని కథగా రాశాను. మొదటిసారి రాసినప్పుడు టెలిగ్రాంలో నిజంగానే చావు పెట్టాను. జరిగినదానికంటే గట్టిగా ఉండాలని! తిరిగొచ్చింది. రెండోసారి తాతగారు తిరిగొచ్చి గంగ నీళ్ల చెంబు అందరికీ పంచుతుంటే కోడలు ఆయన ముఖంలోకి చూడలేకపోవడం రాశాను. మనసులో ఆయన్ని అప్పటికే ఒకసారి చంపేసింది కదా. ఆ కథ అచ్చయింది. అందులో ఎవరూ చావలేదు, ఉడికీ ఉడకని అన్నం ఒకటుంది, అంతే.

2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవలే ఆపేశారు. నా భయం మాత్రం రిటైర్ కాలేదు. ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికి వచ్చిన మిస్డ్ కాల్‌లోకి మారింది. మీదీ అలాంటిదే. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల అవతల నాలుగో అంతస్తులో ఉన్నారు, నీళ్లు రావని మీకూ తెలుసు. భయానికి ఆ లెక్కలతో పని లేదు, కిటికీ రెక్క కొట్టుకున్న చప్పుడు చాలు. అందుకే కథలో ఉప్పెనని వర్ణించడానికి తంటాలు పడకండి. తాటిచెట్టంత అల అని పెద్దవాళ్లు చెబుతారు, సుమారు అయిదు మీటర్లని లెక్కలు చెబుతాయి, ఏది రాసినా వార్తే అవుతుంది. ఆ భయం మనిషి చేత ఏమేం పనులు చేయిస్తోందో అవి రాయండి. వాచ్‌మన్‌తో గొడవ, తాళం చెవి, మణికట్టు.

భయాన్ని అచ్చంగా దించేయకుండా దాని నడక పట్టుకున్నవాడు కాఫ్కా అనే రచయిత. ప్రాగ్ నగరంలో పెరిగాడు, తండ్రంటే చచ్చేంత భయం. 36 ఏళ్ల వయసులో, 1919లో, ఆయనకి పేజీలకి పేజీలు ఉత్తరం రాశాడు, మీరంటే నాకెందుకు భయమని అడిగారుగా, ఇదిగో అంటూ. అది తండ్రికి చేరనేలేదు. అందులో ఒక చిన్న సంగతుంది. బాగా చిన్నప్పుడు ఒక రాత్రి దాహమని మారాం చేశాడట. దాహం కంటే మారామే ఎక్కువని తనే ఒప్పుకున్నాడు. తండ్రి మంచం మీంచి ఎత్తుకెళ్లి, రాత్రి చొక్కాతోనే బయటి వరండాలో నిలబెట్టి తలుపు వేసేశాడు. కాసేపే. కానీ ఆ పెద్ద మనిషి ఏ కారణమూ లేకుండా ఏ రాత్రయినా వచ్చి తనని ఎత్తుకెళ్లి బయట పడేస్తాడని, ఆయన దృష్టిలో తనకి అంత మాత్రం విలువ కూడా లేదని, ఒక ఊహ ఏళ్ల తరబడి పీడించిందట.

ఇప్పుడు కాఫ్కా కథ ఒకటి చూడండి. 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని పొద్దున ఆరింటికి ముగించిన కథ. పేరు "తీర్పు". మంచాన పడ్డ ముసలి తండ్రి ఉన్నట్టుండి మంచం మీద లేచి నిలబడి, కొడుక్కి నీళ్లలో మునిగి చచ్చే శిక్ష వేస్తాడు. కొడుకు మారు మాట్లాడకుండా మెట్లు దిగి పరుగెత్తి వంతెన మీంచి దూకేస్తాడు. అందులో వరండా లేదు, దాహమూ లేదు. ఏ కారణం లేకుండా, ఏ క్షణాన్నయినా శిక్ష పడుతుందనే ఆ పిల్లవాడి లెక్క మాత్రం ఉంది. చదువుతుంటే ఆ కొడుకు ఎందుకు దూకాడని అడగాలనిపించదు, దూకక ఏం చేస్తాడు అనిపిస్తుంది.

ఇక మీ మొదటి సందేహం, పోయినవాళ్ల మీద కథ. మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారంటేనే నాకు సగం బెంగ తీరింది. 1977 నవంబరు 19 శనివారం నాటి ఆ ఉప్పెనలో పోయినవాళ్లు సుమారు పదివేల మంది, అంతకు మించి ఉండొచ్చు. దాన్ని ఒక సీను కోసం వాడుకునేవాళ్లు ఉంటారు, వాళ్లు ఇలా ఉత్తరాలు రాయరు. అయితే ఒక గీత మాత్రం గీసుకోండి. మీ భయం మీది, దాన్ని ఎలాగైనా రాసుకోండి. అమ్మగారి ఆ రాత్రి మాత్రం ఆవిడది. ఆవిడ చెప్పనిదాన్ని మీరు కల్పించి ఆవిడ నోట్లో పెట్టకండి. పాత్రని మార్చేయండి, అమ్మని కాస్తా మేనత్తని చేయండి, తుమ్మచెట్టుని ఇంకేదైనా చేయండి. చిన్న మామయ్య పేరు అస్సలు వాడొద్దు.

రాయడం, అచ్చుకి పంపడం రెండూ వేర్వేరు నిర్ణయాలు. ఒకే రోజు తీసుకోనక్కర్లేదు. అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ ఒకప్పుడు లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన అద్దె ఇంట్లో ఉండేవాడు. కూతురి పిల్లి ఆ రోడ్డు మీద చచ్చిపోయింది. ఇంకోసారి బుడిబుడి నడకల కొడుకు అదే రోడ్డు వైపు పరుగెత్తాడు. అందుకోగలిగాడు, సరే. అందుకోలేకపోయి ఉంటే? ఆ ఒక్క ప్రశ్న మీద నవల రాశాడు. రాసి, ఇది మరీ దూరం పోయిందని తనే జడిసి సొరుగులో పడేశాడు. కొన్నేళ్ల తర్వాత ఒక ప్రచురణకర్తకి ఇంకో పుస్తకం బాకీ ఉండటంతో బయటికి తీశాడు, 1983లో వచ్చింది. భయపెట్టడమే వృత్తిగా ఉన్న మనిషికే సొరుగు అవసరమైంది, మీకూ నాకూ ఎంత! రాసి పెట్టుకోండి. అమ్మగారికి ఇష్టమైతే వినిపించండి. ఆవిడ వద్దంటే సొరుగులోనే ఉంచండి. ఇలా అంటే కొందరు రచయితలు నా మీద విరుచుకుపడతారు, కథే ముఖ్యమంటారు. అననివ్వండి, రోజూ ఆవిడ చేతి అన్నం తినేది మీరు.

రాస్తే భయం పెరుగుతుందా? మొదట కాస్త పెరగొచ్చు. అమెరికాలో జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. కాలేజీ విద్యార్థులని వరుసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, తమ జీవితంలో బాగా కలచివేసిన సంఘటన గురించి రాయమన్నాడు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ ఆ తర్వాతి నెలల్లో, మామూలు విషయాలు రాసినవాళ్లతో పోలిస్తే, వీళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాత వచ్చిన పరిశోధనలు అన్నీ ఒకేలా లేవు, కొన్నిట్లో పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి రాస్తే తగ్గిపోతుందని నేను హామీ ఇవ్వను. కథ మందు కాదు. పగలు రాయండి, గాలి వీచే రాత్రి కాదు. పావుగంట రాసి లేచి టీ పెట్టుకోండి. ఒకవేళ గాలి లేని రాత్రిళ్లు కూడా నిద్ర పట్టకపోయినా, గుండె దడ, చెమటలు వచ్చినా కథ పక్కన పెట్టి డాక్టరుకి చూపించుకోండి. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడతారు. ఈ ముక్క అమ్మగారికి కూడా.

ఇక పని. మొదటి పేజీలో ఉప్పెన వద్దు. వాచ్‌మన్‌తో గొడవతో మొదలుపెట్టండి, అది నవ్వొచ్చే సీను, నవ్వొచ్చేలాగే రాయండి. ఒక ముసలావిడ డాబా తాళం కోసం అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని అల్లాడిస్తోంది. అల్లుడికి తలవంపులు. పిల్లాడికి స్కూల్లో ఈత క్లాసులు పెట్టారు, అందరూ సంతోషించారు, ఆవిడ మాత్రం "ఈతెందుకు, చెట్టెక్కడం నేర్పండి" అంటుంది. అని ఊరుకోకుండా సాయంత్రాలు కింద పార్కులో తనే మనవణ్ని వేపచెట్టు ఎక్కిస్తుంది. ఇది నేను అల్లింది, నచ్చకపోతే అవతల పారేయండి. నేను చెప్పేదల్లా ఆ భయం వల్ల ఆవిడకి ఇంట్లో ఏదో ఒక నష్టం జరగాలి, ఎవరితోనో చెడాలి. ఖర్చు లేని భయం కథలో నిలబడదు. ఉప్పెన అనే మాట చివరిదాకా రాకపోయినా పర్లేదు. నాగాయలంక అని ఒక్కసారి అంటే మన పాఠకుడికి తెలిసిపోతుంది, తెలియనివాడు అడిగి తెలుసుకుంటాడు.

దెయ్యం లేకుండా ఉండలేనంటారా, పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దానికి తెల్లచీర వద్దు. నాలుగేళ్ల వయసు దగ్గరే ఆగిపోయినవాడు ఆ అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎక్కడో ఉంటాడు, ఎవరికీ ఏ కీడూ చేయడు. చెయ్యి చాపుతాడు, అంతే.

పాతకాలం సంగతులు రాసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఈ మధ్య పోటీలకి వచ్చిన కథల్లో ఉప్పెనని సునామీ అని రాసేస్తున్నారు. సునామీ సముద్రం అడుగున భూమి కదిలితే వస్తుంది, గాలి ఉండనక్కర్లేదు. ఉప్పెన తుఫాను గాలి తోసుకొచ్చే నీరు, ముందు గంటల తరబడి గాలి ఉంటుంది. మీ భయం గాలితో మొదలవుతోందంటే అందుకే, మీ ఒంటికి తెలిసినంత కూడా ఆ రచయితలకి తెలియలేదు. అలాగే 1977లో మండలాలు లేవు, 1985లో వచ్చాయి. ఇలాంటి తప్పు ఒకటి దొర్లితే దివిసీమ పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. వివరాలు అమ్మగారిని గుచ్చి గుచ్చి అడగకండి. ఊళ్లో ఆ వయసు వాళ్లు ఇంకా ఉంటారు, మాట్లాడటానికి ఇష్టపడేవాళ్లు. నీళ్లు తీశాక ఊరు ఎలా ఉందని అడగండి. ఉప్పుబారిన బావుల గురించి, పొలాల గురించి చెబుతారు.

మీ ఉత్తరంలో ఒకటి లేదు. గొడవపడి సంపాదించిన ఆ డూప్లికేట్ తాళం చెవి అమ్మగారు ఎక్కడ పెట్టుకుంటారు? కొంగుకి ముడేసుకుంటారా, దేవుడి గూట్లోనా, దిండు కిందా? ఆవిడని అడక్కండి, ఊరికే గమనించండి. కథ మొదటి వాక్యం అక్కడ ఉండొచ్చని నా అనుమానం. ఏ సంగతీ నాకూ రాయండి.